గంజాం, కొరాపుట్ పాత జనగణన పుస్తకాలు: పూర్వీకుల ఊరు వెతికేవాళ్ళకు ఎంతవరకు పనికొస్తాయి?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కుటుంబాల్లో వంశవృక్షం రాసుకునే పని ఎక్కువగా ఊరి పేరు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో పలికే పేరు ఒకటి, దస్తావేజులో ఉన్నది ఒకటి, ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేది మరొకటి. ఈ చిక్కు విప్పడానికి జనగణన శాఖ డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరికే పాత జిల్లా జనగణన పుస్తకాల స్కాన్ ప్రతులు ఎంతవరకు సాయపడతాయో చూద్దాం. 1951 నుంచి ఒడిశా జిల్లాల పుస్తకాలు, అంతకు ముందు 1931 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ సంపుటాలు ఇక్కడ మనకు కావాల్సినవి.

ముందుగా ఒక మాట. వీటిలో మీ తాతగారి పేరు దొరకదు. మన దేశంలో ఇంటింటి జనగణన పత్రాలను ఎవరికీ చూపించరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. అమెరికా, ఇంగ్లండు పాత సెన్సస్‌లో మనుషుల పేర్లు చూసినవాళ్ళు ఇక్కడా అదే ఆశిస్తారు. మన పుస్తకాల్లో ఉండేది ఊరు, దాని విస్తీర్ణం, ఇళ్ళు, జనం, వృత్తులు. అంతే. కానీ ఊరు ఖాయమైతేనే భూముల సెటిల్‌మెంట్ కాగితాల దగ్గరికైనా, యాత్రికుల వంశాల పేర్లు రాసుకునే పూరీ పండాల పుస్తకాల దగ్గరికైనా వెళ్ళగలం. ఆ ఒక్క పనికి వీటిని మించినవి లేవు.

అన్నిటిలో 1961 పుస్తకానికే మా మొదటి ఓటు. ఊరూరికీ లెక్క ఉంది, వృత్తులను తొమ్మిది తరగతులుగా విడదీశారు. చేపల వేట మూడో తరగతిలోకి, మగ్గం లాంటి ఇంటి పరిశ్రమ నాలుగో తరగతిలోకి వస్తాయి. ఒకే పేరున్న ఊళ్ళు రెండు మూడు ఎదురైనప్పుడు, సముద్రం ఒడ్డు పల్లె ఏదో, నేతవాళ్ళ ఊరు ఏదో ఆ కాలమ్‌లే చెప్పేస్తాయి. పైగా 1961 నాటి కొరాపుట్ అంటే నేటి కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి నాలుగూ కలిసిన జిల్లా. గజపతి జిల్లా గంజాంలోనే ఉండేది. ఈ కొత్త జిల్లాలు 1992 అక్టోబరు 2న వచ్చాయి కాబట్టి, వాటి పేర్లతో 1961 పుస్తకం కోసం వెతికితే ఏమీ రాదు.

1941 జోలికి వెళ్ళకండి. యుద్ధం వల్ల ఆ ఏడాది పట్టికలను బాగా కుదించేశారు.

ఇక పేర్ల సంగతి. తప్పులని మనం అనుకునేవాటిలో చాలావరకు తప్పులు కావు, ఒకే ఊరిని మూడు చేతులు రాసిన ఫలితం. మొదటిది మద్రాసు కాలపు ఇంగ్లీషు చేయి: శ్రీకాకుళాన్ని చికాకోల్ అనీ, జయపురాన్ని జె-ఇ-వై-పి-ఓ-ఆర్-ఇ అనీ, ఘుముసరాన్ని గుమ్సూర్ అనీ రాసింది. అప్పట్లో ఉకారానికి రెండు 'ఓ'లు, ఈకారానికి రెండు 'ఈ'లు వాడేవారు; తర్వాత వాటి స్థానంలో ఒక్క 'యు', ఒక్క 'ఐ' వచ్చాయి. కిమిడి, కిమెడీ, ఖెముండి అన్నీ ఒకటే. రెండోది 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక పడిన ఒడియా ఉచ్చారణ చేయి. మూడోది స్కాన్ ప్రతిని చదివే సాఫ్ట్‌వేర్.

రెండో చేతి అలవాట్లు తెలిస్తే సగం ఊళ్ళు అక్కడికక్కడే దొరుకుతాయి. 'వ' బదులు 'బ' వస్తుంది: లావణ్యగడ లాబణ్యగడ అవుతుంది. 'కృ' బదులు 'క్రు': కృష్ణాపురం క్రుష్ణపూర్. పురం చివరి సున్న పోతుంది, పట్నం పట్నా అవుతుంది. గోపాలపూర్‌కు దక్షిణాన ఉన్న రామయ్యపట్నానికి రామయపట్నా అన్న రూపమూ ఉంది. 'య' చోట 'జ' వస్తుంది: ఛత్రపురం దగ్గరి మత్స్యకార గ్రామాన్ని ఆర్యపల్లి అనీ రాస్తారు, ఆర్జిపల్లి అనీ రాస్తారు. 'క్ష' మీద నమ్మకం పెట్టుకోవద్దు: లక్ష్మీపురానికి ఇంగ్లీషులో 'కె-ఎస్-హెచ్', 'ఎక్స్', 'కె-హెచ్' మూడింటితోనూ వెతకాలి. ఇంట్లో 'పెద్ద', 'చిన్న' అని చెప్పే ఊళ్ళను 'బడ', 'సాన' కింద చూడాలి. అక్షరక్రమంలో అవి ఎక్కడో దూరంగా ఉంటాయి, అందుకే చాలామందికి కనబడవు. మందస జమీందారీని ఒడియాలో మంజూష అంటారు. అది ఏ అక్షర సూత్రానికీ లొంగదు, తెలిసి ఉండాల్సిందే.

సాఫ్ట్‌వేర్ చేసే పొరపాట్లు వేరు. ఇంగ్లీషు 'హెచ్'ను 'బి' అనుకుంటుంది, పక్కపక్కన ఉన్న 'ఆర్', 'ఎన్' కలిపి 'ఎమ్' చేస్తుంది, 'సి'ని 'ఇ'గా చదువుతుంది. గారబంధ అనే ఊరి పేరులో 'డి-హెచ్-ఎ' కాస్తా 'డి-బి-ఎ' అయితే వెతుకుడు పెట్టెలో ఎన్నిసార్లు కొట్టినా రాదు. కాబట్టి పేరు మొత్తం కొట్టకండి. మధ్యలోని నాలుగు నికరమైన అక్షరాలు, ఉదాహరణకు 'ఎ-ఆర్-ఎ-బి', చాలు. అదీ రాకపోతే పుటలు తిప్పి కళ్ళతో చదవడమే దారి. పట్టికల్లో ఇదే ఎక్కువ నమ్మకం కూడా.

అసలు ఇబ్బంది పేరులో కన్నా వరసలో ఉంది. ఒడిశా పుస్తకాల్లో ఊళ్ళను పోలీసు ఠాణాల వారీగా పేర్చారు. తహసీలో, బ్లాకో పట్టుకుని వెతికితే పక్క ఠాణా కింద ఉన్న ఊరు ఎప్పటికీ దొరకదు. అందుకని కొత్త పుస్తకం నుంచి పాతదానికి నడవండి. 2011 పుస్తకంలో ఊరు పట్టుకుని, దాని ఆరంకెల కోడ్, ఠాణా పేరు, జాబితాలో పైనా కిందా ఉన్న అయిదారు ఊళ్ళ పేర్లు రాసుకోండి. 1961 పుస్తకంలో అదే ఠాణాకు వెళ్ళి మీ ఊరి కోసం కాకుండా ఆ పొరుగు ఊళ్ళ కోసం చూడండి. ఠాణా రెండుగా చీలి ఉంటే పాత ఠాణా కింద చూడాలి. పొరుగు ఊళ్ళలో మూడు కనబడ్డాయంటే మీ ఊరు ఆ పుటలోనో, పక్క పుటలోనో ఏదో వేషంలో ఉంటుంది.

అదేనా కాదా అని తేల్చేది జనాభా కాదు, విస్తీర్ణం. జనం పెరుగుతారు, వలస పోతారు. రెవెన్యూ గ్రామం హద్దు అంత తేలిగ్గా కదలదు. కాలమ్ శీర్షికలో కొలత ఏమిటో ముందు చూసుకోండి. కొత్తవాటిలో హెక్టార్లు, పాతవాటిలో ఎకరాలు. హెక్టారుకు 2.47 ఎకరాలు, అంటే 200 హెక్టార్ల ఊరు పాత పుస్తకంలో 494 ఎకరాల దగ్గర్లో ఉండాలి. సర్వే కాని కొండ పల్లెలకు ఈ పరీక్ష పనికిరాదు. ఆఖరున ఒడిశా భూమి రికార్డుల సైట్ భూలేఖ్‌లో ఆ మౌజా (రెవెన్యూ గ్రామం) హక్కుల పత్రం ఒకటి తెరిచి, ఒడియా లిపిలో పేరు, ఠాణా నంబరు సరిచూసుకోండి. ఒడియా చదవడం వస్తే ఇంగ్లీషు వర్ణక్రమంతో పడే బాధ ఇక్కడితో తీరిపోతుంది.

ఎంత వెతికినా దొరకని ఊళ్ళలో ఎక్కువ భాగం అసలు ఊళ్ళే కావు, శివారు పల్లెలు. పేరు చివర వలస, గూడ, పేట ఉంటే అనుమానించాలి. జనగణన లెక్క రెవెన్యూ గ్రామానికే కట్టి, శివారును అందులో కలిపేస్తుంది. అప్పుడు సర్వే ఆఫ్ ఇండియా పటాలే దిక్కు: బరంపురం 74ఎ, పర్లాకిమిడి 74బి, గుణుపురం, రాయగడ 65ఎమ్, జయపురం, కొరాపుట్ 65జె షీట్లలో వస్తాయి. పటంలో శివారు పల్లె చూసి, అది ఏ రెవెన్యూ గ్రామంలో ఉందో తేల్చుకుని మళ్ళీ పుస్తకానికి రావాలి.

1936కు ముందుకు వెళ్ళేవాళ్ళకు మద్రాసు సంపుటాలు అంత ఉదారంగా ఉండవు. పట్టికలు తాలూకాలు, జమీందారీల చుట్టూ తిరుగుతాయి, ఏజెన్సీని విడిగా చూపుతాయి. అక్కడ పెద్ద పొరపాటు జిల్లా పేరుతోనే జరుగుతుంది. "మాది గంజాం జిల్లా" అని పెద్దవాళ్ళు చెబితే ఆ ఊరు ఒడిశాలో ఉందనుకోకూడదు. శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట కూడా 1936 వరకు గంజాంలోనివే. తర్వాత విశాఖపట్నానికి వెళ్ళి, 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాయి. పర్లాకిమిడి జమీందారీ అయితే రెండు ముక్కలైంది: పట్టణం ఒడిశాకు, కింది ఊళ్ళు ఇటువైపు. జయపురం, కొరాపుట్ వాళ్ళు అదే కాలానికి విశాఖపట్నం జిల్లా సంపుటం తెరవాలి.

ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేనంటున్న సరిహద్దు కొటియా పల్లెల వాళ్ళకు ఒక ప్రత్యేక సూచన. అక్కడ రెండు రాష్ట్రాలూ ఒకే ఊరికి రెండు పేర్లు వాడుతున్నాయి. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు వార్తల్లోకెక్కినవి ఇవే: ఒడిశా ఫటుసినేరి అనేది ఆంధ్రకు పట్టుచెన్నూరు, ఫగుణసినేరి పగులుచెన్నూరు, గంజాయిపదర్ గంజాయిభద్ర. ఈ ఊళ్ళకు కొరాపుట్ పుస్తకంలో ఒక పేరు, సాలూరు వైపు పుస్తకంలో మరో పేరు ఉండే వీలుంది కాబట్టి, రెండు జిల్లాల పుస్తకాలూ దగ్గర పెట్టుకునే పని మొదలుపెట్టండి.