అన్నవరం, తిరుమల, శ్రీకాళహస్తి: ఎక్కడ ఎంతసేపు నేలమీద కూర్చోవాలి?

పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఈ మూడు క్షేత్రాలకు వెళ్ళేవారు దర్శనం వేళలతో పాటు ఏ గుడిలో ఎంతసేపు నేలమీద కూర్చోవాలో కూడా ముందే తెలుసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి క్యూ కంటే పూజే కష్టం.

కూర్చుని చేసుకునే పూజకు ఈ మూడింటిలో అన్నవరమే మేలు. సత్యనారాయణ వ్రతానికి టికెట్టు తీసుకున్న దంపతులను మండపంలో వరసగా కూర్చోబెడతారు. సంకల్పం నుంచి ఐదు కథలూ పూర్తయ్యేసరికి గంట దాటుతుంది. ఎవరు ఏ పక్కన కూర్చోవాలో పురోహితులే చెబుతారు. వ్రతం మధ్యలో లేవడం పద్ధతి కాదు. రత్నగిరి మీదే దేవస్థానం సత్రంలో గది దొరికితే స్నానం చేసి నేరుగా మండపానికి వెళ్ళొచ్చు. కార్తీకమాసంలో మాత్రం మండపాలు కిటకిటలాడతాయి, కాళ్ళు మార్చుకోవడానికీ చోటుండదు.

బాసింపట్టు వేసినప్పుడు మోకాళ్ళు తుంటి కంటే ఎత్తులో ఉంటే నడుం వంగిపోయి పట్టేస్తుంది. శాలువాను నాలుగైదు మడతలు పెట్టి పిరుదుల కింద మాత్రమే వేసుకోవాలి, తొడల కిందికి రానివ్వకూడదు. వట్టి నేలమీద కూర్చుని పూజ చేయకూడదన్న ఆచారమూ దీంతో తీరుతుంది. బిగుతు ప్యాంటుతో కూర్చుంటే పావుగంటకే తిమ్మిరి ఎక్కుతుంది, పంచె అయితే ఆ బాధ లేదు. అసలు కింద కూర్చోలేనివారు పూజ మొదలవకముందే చెబితే గోడవారగా కుర్చీ వేయించుకునే వీలుంటుంది. వరస మధ్యలో కుర్చీ వేస్తే వెనకవాళ్ళకు ఏమీ కనిపించదు.

తిరుమలలో కూర్చోవడమంతా దర్శనానికి ముందే, వైకుంఠం క్యూ కాంప్లెక్సు కంపార్ట్‌మెంట్లలో. గేటు తీయగానే అందరూ ఒక్కసారిగా లేస్తారు కాబట్టి పెద్దవాళ్ళను గేటుకు ఆనుకుని కూర్చోబెట్టకండి. సన్నిధిలో నిలబడనివ్వడమే కొద్ది క్షణాలు. స్వామి ఎదుట తనివితీరా కూర్చోవాలంటే కల్యాణోత్సవం ఉంది, టికెట్టు ఇద్దరికి 1000 రూపాయలు. పంచె, చీర వంటి సంప్రదాయ దుస్తులు తప్పనిసరి, కూర్చోవడం నేలమీదే. తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం బల్లల మీదే కాబట్టి మోకాళ్ళకు ఇబ్బంది లేదు.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకు జనం మండపంలో కిక్కిరిసి కూర్చుంటారు. రాహుకాలంలో, ముఖ్యంగా ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6 వరకు, రద్దీ మరీ ఎక్కువ. టికెట్టు ధర పెరిగేకొద్దీ పూజాస్థలం గర్భాలయానికి దగ్గరవుతుంది, పూజ మాత్రం అదే. పెద్దవాళ్ళు వెంట ఉంటే రాహుకాలం పట్టింపు మానుకుని, ఖాళీగా ఉండే వేళ చేయించుకోవడమే నయం.

శివదర్శనం అయ్యాక కాసేపు కూర్చుని రావాలంటారు. అలా కూర్చునేటప్పుడు నందికీ లింగానికీ మధ్య, గడప మీద, ధ్వజస్తంభానికి ఎదురుగా దారిలో కూర్చోకూడదు. స్వామికి వీపు పెట్టకూడదు, ఆ వైపు కాళ్ళు చాపకూడదు. ప్రాకారంలో ఓ పక్కగా, నీడపట్టున కూర్చుంటే అన్నీ కుదురుతాయి. మిట్టమధ్యాహ్నం ఎండ తగిలే బండల జోలికి వెళ్ళకండి, కాళ్ళు బొబ్బలెక్కుతాయి.

రాహుకేతు పూజ చేయించుకున్నవారు మరో గుడికి వెళ్ళకుండా నేరుగా ఇంటికి చేరడం ఆనవాయితీ. అందుకని తిరుమల ముందు చూసుకుని, శ్రీకాళహస్తిని చివర పెట్టుకోండి.