గ్రీన్ లేజర్ లెవెల్: ఇల్లు కట్టిస్తుంటే తప్పకుండా కొనండి

ఖమ్మంలో ఇల్లు కట్టిస్తున్నాం, ప్లాస్టరింగ్‌కి ముందు ఆన్‌లైన్‌లో గ్రీన్ లేజర్ లెవెల్ (గోడల మీద మట్టంగా, నిలువుగా పచ్చటి వెలుగు గీతలు వేసే మిషన్) తెప్పించా, రెండు నెలలు వాడాక రాస్తున్నా. మా మేస్త్రి ముప్పై ఏళ్లుగా లెవెల్ పైపు, రసమట్టం, తూకం గుండుతోనే పని చేసినాయన, మొదట్లో "ఇదెందుకు సార్" అన్నాడు. హాల్లో స్టాండు మీద పెట్టి ఆన్ చేస్తే గోడల మీద సన్నటి పచ్చగీత, నిలువు గీత దగ్గర టేపు పెట్టి కొలిస్తే కిటికీ పక్క గోడ పైకెళ్లేసరికి 12 మి.మీ. బయటికి వచ్చేసింది, ఆయనే చూసి అక్కడ చెక్కించాడు. ఇప్పుడు పొద్దున్నే "మిషన్ తీయండి సార్" అంటున్నాడు!

బాత్రూమ్ టైల్స్‌కి అయితే సూపర్, గీత నుంచి కిందికి కొలుచుకుంటూ నీళ్లు పోయే జాలీ వైపు వాలు పెట్టారు, బకెట్ నీళ్లు పోస్తే మూలన చుక్క కూడా ఆగలేదు.

ఎండలో మాత్రం గీత కనపడదు, బయట పనికి సాయంత్రం దాకా ఆగాల్సిందే. స్టాండు మరీ వంగితే గీత మిణుకుమిణుకుమంటుంది, అప్పుడు మార్కింగ్ చేయొద్దు. రాగానే చెక్ చేసుకోండి, గీత ఉన్నచోట గోడ మీద పెన్సిల్ మార్కు పెట్టి మిషన్‌ని అక్కడే వెనక్కి తిప్పి గీత మళ్లీ ఆ మార్కు మీదే పడుతుందో లేదో చూడాలి, నాకొచ్చిన మొదటి పీసు 5 మీటర్లకే 4 మి.మీ. తేడా చూపించింది, రిటర్న్ పెట్టేశా, రెండోది బాగుంది. పక్క రూముకి తీసుకెళ్లేటప్పుడు లాక్ స్విచ్ వేయడం మాత్రం మర్చిపోకండి, లోపల గీతని మట్టంగా నిలిపే లోలకం కొట్టుకుంటే లెవెల్ పోతుంది.