లెపర్డ్ గెకో కొనబోతున్నారా? ముందు ఆ గాజుపెట్టెలో తోకలు చూడండి

కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. మా చుక్క నిన్న పొద్దున పోయింది. చుక్క అంటే లెపర్డ్ గెకో అనే పెంపుడు బల్లి, మావాడు పెట్టుకున్న పేరు. కొని సరిగ్గా 15 రోజులు. సరిగ్గా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతికే ప్రాణి అది.

షాపు పేరు రాయను. డాలస్ వైపు మనవాళ్ళు ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్ళి ఊరికే చేపలు చూపించుకొచ్చే షాపు అనుకోండి, మీకే తెలుస్తుంది.

మావాడికి 9 ఏళ్ళు. కుక్క కావాలని ఏడాదిగా ప్రాణం తీస్తున్నాడు. అపార్ట్‌మెంట్లో కుక్కేంట్రా అని, చివరికి బల్లి దగ్గర బేరం కుదిరింది. విజయవాడ నుంచి అమ్మ వీడియో కాల్లో చూసి, "ఒరేయ్, మన వంటింట్లో తిరిగేవాటిని నేను చీపురుతో తోలేదాన్ని, నువ్వు డబ్బులు పోసి కొన్నావా?" అంది. మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో చూసుకోమని నవ్వింది కూడా. నిజానికి ఇది గోడలెక్కే బల్లి కాదు. కాళ్ళకి ఆ పట్టు ఉండదు. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ వైపు రాతి నేలల్లో తిరిగే ప్రాణి. మన బల్లులకి లేని కనురెప్పలు దీనికుంటాయి. మావాడి వైపు చూసి ఒకసారి నిదానంగా కళ్ళు మూసి తెరిచింది, అంతే, వాడు పడిపోయాడు. పిల్ల కదా, ఒంటి మీద ఇంకా చారలే ఉన్నాయి, పెద్దయ్యాక చుక్కలొస్తాయి. రాబోయే చుక్కల కోసం ముందే పేరు పెట్టేశాడు.

షాపులో ఒకే గాజుపెట్టెలో ఆరు ఉన్నాయి. అన్నిటికీ ఒకే నీళ్ళ గిన్నె. కింద తెల్లటి ఇసుక, అందులో రెట్టలు, చచ్చిన పురుగులు. రెండు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే, "చూశారా, ఎంత ఫ్రెండ్‌షిప్పో, ఇవి జంటగా ఉంటే హ్యాపీగా ఉంటాయి, రెండు తీసుకోండి" అన్నాడు అక్కడి కుర్రాడు. అది ఫ్రెండ్‌షిప్ కాదట. వెచ్చగా ఉండే చోటు ఒక్కటే ఉంటే దానికోసం తొక్కుకోవడమట. తర్వాత తెలిసింది లెండి. మనకి అన్నీ తర్వాతే తెలుస్తాయి.

మావాడు మాత్రం అప్పుడే అడిగాడు. "నాన్నా, దీని తోకేంటి ఇంత సన్నగా ఉంది? ఫోటోల్లో లావుగా ఉంది కదా?" అని. కుర్రాడు తడుముకోకుండా "ఇంకా పిల్ల కదా, పెరిగాక లావవుతుంది" అన్నాడు. నేనూ వాడికి అదే చెప్పి నోరు మూయించాను. ఇంట్లోకి మిక్సీ కొనడానికి నలభై రివ్యూలు చదివిన మనిషిని నేను. ప్రాణమున్నదాన్ని ఇరవై నిమిషాల్లో కొన్నాను. ఈ జీవి కొవ్వంతా తోకలోనే దాచుకుంటుంది. తోక దాదాపు మెడ అంత లావుండాలి. పిల్లల్లో కూడా తోక పెన్సిల్‌లా ఉందంటే ఏదో తేడా ఉన్నట్టే. 9 ఏళ్ళ పిల్లాడికి కనిపించింది, నాకు కనిపించలేదు.

బల్లి 40 డాలర్లు. దాంతోపాటు "తప్పనిసరి" అంటూ అంటగట్టినవి 185. కాల్షియం ఇసుక సంచీ, కరెంటుతో వేడెక్కే ప్లాస్టిక్ రాయి, రాత్రంతా వెలిగే ఎర్ర బల్బు, చిన్న ట్యాంకు. వేడి మితిమీరకుండా ఆపే థర్మోస్టాట్ ఉందా అని అడిగితే "అవసరం లేదు, రాయి దానంతటదే కంట్రోల్ అవుతుంది" అన్నాడు. రెండో రోజు అనుమానమొచ్చి ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే రాయి మీద 115 డిగ్రీల ఫారెన్‌హీట్. దీనికి వెచ్చని మూల 90 దగ్గర ఉంటే చాలు. పొట్టతో వేడి పీల్చుకునే జంతువు, కాలుతున్నా లేవదట. వెంటనే ప్లగ్ పీకేశాను. ఈ మొత్తంలో నేను సరిగ్గా చేసిన పని బహుశా అదొక్కటే.

మొదటి మూడు రోజులు కీచురాళ్ళు తింది. తర్వాత వాటిని చూసి మొహం తిప్పేసుకునేది. మా ఆవిడ కేకుల పిండి తూచే కాటా మీద పెడితే మొదటిరోజు 17 గ్రాములు, వారం తిరిగేసరికి 14. ఎనిమిదో రోజు ఎగ్జాటిక్ వెట్, అంటే బల్లుల్లాంటివాటిని చూసే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో పొట్టలో ఇసుక. రెట్ట పరీక్షకి పంపితే క్రిప్టో పాజిటివ్. క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి, పేగుల్లో చేరి తిన్నది ఒంటికి పట్టకుండా చేస్తుంది. నమ్మకంగా నయం చేసే మందు లేదు. రెట్ట ద్వారా ఒకదాని నుంచి ఇంకోదానికి పాకుతుంది, మామూలు బ్లీచ్‌కి చావదు. "ఇది మీ ఇంట్లో వచ్చింది కాదు, ఇంత చిక్కడానికి వారం చాలదు. అదే ట్యాంకులో ఉన్న మిగతావాటి సంగతి షాపుకి చెప్పండి" అని రిపోర్టు చేతికిచ్చాడు.

పన్నెండో రోజు షాపుకి వెళ్ళాను. షాపువాళ్ళ 14 రోజుల గ్యారంటీ ఉందిగా మరి. డబ్బు కోసం కాదంటే నమ్మరు గానీ, సగం డబ్బు కోసమే, సగం ఆ మిగతా ఐదింటి గురించి చెప్పాలని. మావాడు కూడా వచ్చాడు. చుక్కని పెరుగు డబ్బాలో తడి పేపర్ టవల్ మీద పెట్టి, మూతకి కన్నాలు పొడిచి, ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు.

మేనేజర్ వచ్చింది. రిపోర్టు ఇచ్చాను. పై లైను చూసి కౌంటర్ మీద పెట్టేసింది. "మా దగ్గరున్నప్పుడు బాగానే ఉంది సర్. మీరు టెంపరేచర్ సరిగ్గా పెట్టి ఉండరు." మీవాళ్ళే అమ్మిన రాయి కదా అన్నాను. "సర్, ఇది 40 డాలర్ల బల్లి. ఇంకోటి తీసుకోండి, అయిపోతుంది." మావాడు నా వైపు చూశాడు. అక్కడిదాకా సరే, మింగాను.

తర్వాత జరిగింది మాత్రం మింగుడు పడట్లేదు. "క్రెడిట్ కావాలంటే జంతువుని ఇక్కడ వదిలేయాలి" అని వాడి ఒళ్ళోంచి డబ్బా తీసుకుంది. బిల్లు మీద ఏదో గీసింది. నేరుగా ఆ గాజుపెట్టె దగ్గరికెళ్ళి ఒక చేత్తో మూత జరిపింది. అదే పెట్టె. ఆ ఐదున్న పెట్టె. ఇంకో చేత్తో డబ్బా వంచుతోంది.

"మేడమ్, అది అంటురోగం, రిపోర్టులో ఉంది, విడిగా పెట్టరా?" అని అరిచాను. వెనక్కి తిరగకుండానే అంది: "విడిగా పెట్టడానికి మాకు ప్లేస్ లేదు సర్."

వెళ్ళి డబ్బా లాక్కున్నాను. అవును, లాక్కున్నాను, కుక్కల ఫుడ్ దగ్గర నిలబడ్డవాళ్ళంతా చూశారు. జంతువు ఇవ్వకపోతే క్రెడిట్ కూడా లేదంది. వద్దన్నాను. అంత పెద్ద షాపులో చేపలకి ఒక గోడ మొత్తం ఉంది, క్రిస్మస్‌కి కుక్కలు వేసుకునే స్వెటర్లకి ఒక వరస ఉంది, జబ్బు చేసిన బల్లికి చెప్పుల డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె పెట్టడానికి ప్లేస్ లేదు. శ్రద్ధగా పెంచి అమ్మేవాళ్ళు ఒక్కోదాన్ని ఒక్కో పెట్టెలో, ఇసుక లేకుండా పేపర్ టవల్ మీద పెడతారు. పురుగు తిందా లేదా, బరువెంత అని రాసుకుంటారు. దానికేం లక్షలు అక్కర్లేదు. షాపువాళ్ళకి ఇది చేతకాక కాదు, 40 డాలర్ల సరుకుకి అంత శ్రమెందుకని. అసలు లాభం ఇసుక సంచీ మీద, ఎర్ర బల్బు మీద కదా.

కార్లో మావాడు ఒక్క మాటే అడిగాడు, "మిగతా ఐదూ కూడా పోతాయా?" అని. ఏం చెప్పాలి?

నిన్న తెల్లారి చూస్తే కదల్లేదు. 12 గ్రాములు. మొత్తం లెక్క: బల్లి 40, సామాను 185, వెట్ 275. 500 డాలర్లు.

కొనేవాళ్ళుంటే రెండు ముక్కలు చెప్తాను. తోక చూడండి, కాలివేళ్ళకి పాత చర్మం ఉంగరాల్లా బిగుసుకుని ఉందేమో చూడండి, మీ కళ్ళ ముందు ఒక పురుగు తినిపించమనండి. గుంపుగా ఉన్న పెట్టెలోంచి కొనకండి. ఇసుక, వేడి రాయి వద్దు. ట్యాంకు కింద పెట్టే హీట్ మ్యాట్ కొంటే థర్మోస్టాట్ లేకుండా పెట్టొద్దు. ఎగ్జాటిక్ వెట్ ఎక్కడున్నాడో ముందే కనుక్కోండి, కుక్కల డాక్టర్లు చాలామంది వీటిని చూడరు. జాలిపడి చిక్కినదాన్ని కొన్నారంటే ఖాళీ అయిన చోట రేపు ఇంకోటి తెచ్చి పెడతారు, ఆ మాట మర్చిపోకండి.

అన్నట్టు ఫ్రిజ్‌లో చుక్క కోసం తెచ్చిన మీల్‌వర్మ్స్ పురుగుల డబ్బా ఒకటి సీలు తీయకుండా ఉంది. పెరుగు గిన్నె పక్కన అదేంటని మా ఆవిడ రోజూ గోల. ఎవరి ఇంట్లోనైనా గెకో ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను. ట్యాంకు మాత్రం అడగొద్దు. ఇంకెవరూ తీసి వాడకుండా పగలగొట్టి చెత్తలో వేశాను.