ఒమాహానా, యూటానా? చేతిలో ఒక్కరోజే ఉంటే

ఫ్రాన్స్‌లోని నార్మండీకి ఒక్కరోజు కోసం వెళ్లేవాళ్లకు వచ్చే టెన్షన్ ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న అమెరికా సైన్యం జర్మన్ల మీదికి దిగిన తీరాలు రెండు: ఒమాహా, యూటా. ఒకే ఉదయం, ఒకే శత్రువు. ఫలితాలు మాత్రం ఎక్కడా పోలవు.

నష్టం: యూటాలో చనిపోయినవారు, గాయపడినవారు, గల్లంతైనవారు కలిపి సుమారు 200 మంది. ఒమాహాలో 2,000 దాటింది.

కారణం: ఒమాహాలో బాంబర్లు మబ్బుల పైనుంచి వేసిన బాంబులు తీరం దాటి పొలాల్లో పడ్డాయి. గట్టుమీది మెషిన్‌గన్లు చెక్కుచెదరలేదు. నీళ్లలో తేలాల్సిన ట్యాంకుల్లో ఒక దళానివి 29 దించితే 27 మునిగాయి. యూటాలో విమానాలు కిందుగా ఎగిరి గురి చూసి కొట్టాయి. పైగా అదృష్టం! ప్రవాహం పడవలను దారి తప్పించి, కాపలా తక్కువున్న చోటికి చేర్చింది. కర్ర పట్టుకుని దిగిన జనరల్ రూజ్‌వెల్ట్ జూనియర్ (మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కొడుకు) అక్కడినుంచే ముందుకు నడిపించాడు.

ఖర్చు: ఒమాహా పైనున్న అమెరికన్ శ్మశానవాటికకు టికెట్ లేదు. యూటా మ్యూజియానికి ఉంది.

శ్రమ: బాయూ పట్టణంలో రైలు దిగితే ఒమాహా దగ్గర. యూటాకు కారుంటే మేలు.

మొదటిసారైతే, పెద్దవాళ్లు వెంట ఉంటే ఒమాహాకే వెళ్లండి. గట్టుమీద నిలబడి కిందికి చూస్తే చాలు, ఆ ఉదయం ఏం జరిగిందో అర్థమవుతుంది. పారాచూట్ దళాల కథలంటే ఇష్టమైతే, కారు కూడా ఉంటే, యూటాతో పాటు ఆ దళాలు దిగిన సెయింట్ మేర్ ఎగ్లీజ్ అనే ఊరిని కలుపుకోండి. అన్నట్టు, యూటాలో దిగిన ఆ రూజ్‌వెల్ట్ సమాధి ఉన్నది ఒమాహా వైపే.