పసితనంలోనే ఆపరేషనా, ఎదిగే దాకా ఆగడమా: ఏది మేలు?

పుట్టిన బిడ్డ ఆడో మగో డాక్టర్లు వెంటనే తేల్చలేకపోతే ఇల్లంతా టెన్షన్. ఇందుకు ఎక్కువగా కనిపించే కారణం సీఏహెచ్ అనే, కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి లోపం. రెండు ఎక్స్ క్రోమోజోములు, గర్భసంచి, అండాశయాలు అన్నీ ఉన్న పాపే. కడుపులో ఉండగా మగ హార్మోన్లు ఎక్కువై క్లిటోరిస్ (యోని పైన ఉండే, స్పర్శ ఎక్కువగా తెలిసే చిన్న భాగం) పెద్దదవుతుంది, యోని మూత్రనాళంతో కలిసిపోతుంది.

ఇందులో ప్రాణం మీదకి వచ్చేది ఆకారం వల్ల కాదు, ఒంట్లో ఉప్పు నిలవకపోవడం వల్ల. మొదటి రెండు మూడు వారాల్లోనే వాంతులతో బీపీ పడిపోయి పాప షాక్‌లోకి వెళ్లొచ్చు. లోపించిన హార్మోన్ల బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మందులు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. జననాంగాల ఆకారం సరిచేసే ఆపరేషన్‌కు అంత తొందర లేదు.

ఏడాదిలోపే చేయించేద్దామనే వాళ్లు చెప్పే కారణాలు ఉన్నాయి. పసివాళ్లకు గాయం త్వరగా మానుతుంది, నొప్పి గుర్తుండదు, స్నానం చేయించే బంధువుల ప్రశ్నలు ఉండవు. తల్లిదండ్రుల భయం నిజమైనదే. అయినా ఫలితాలు చూస్తే నాకు మనసొప్పదు. చిన్నప్పుడు సరిచేసిన యోని ద్వారం చాలామందిలో మచ్చకట్టి ఇరుకవుతుంది, ఈడొచ్చాక మళ్లీ కోయాల్సి వస్తుంది. అది మూసుకుపోకుండా చిన్నపిల్లకు డైలేటర్లు (ద్వారాన్ని వెడల్పు చేసే కడ్డీల్లాంటి పరికరాలు) పెట్టడం ఎంత హింసో చెప్పలేం. క్లిటోరిస్ తగ్గించేటప్పుడు నరాలు దెబ్బతింటే స్పర్శ తగ్గుతుంది, ఆపరేషన్ అయిన ఆడవాళ్లను పెద్దయ్యాక పరీక్షిస్తే ఇది బయటపడింది. నరాలను కాపాడే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి కానీ, పోయిన స్పర్శను మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఆగితే, కావాలో వద్దో ఆ అమ్మాయే చెబుతుంది. సీఏహెచ్‌తో పుట్టి అమ్మాయిలుగా పెరిగిన వాళ్లలో కొద్దిమంది తాము మగవాళ్లమని చెప్పుకుంటారు, వాళ్లకు ఆ పాత కోత ఇంకా పెద్ద నష్టం. ఆగడంలో కష్టం లేదని కాదు. బడిలో, హాస్టల్లో చాటు కావాలి. నెలసరి రక్తం బయటికి రావడానికి దారి ఉందో లేదో ఈడుకు ముందే చూపించుకోవాలి. మూత్రం అడ్డుపడుతుంటే మాత్రం వయసు చూడకుండా ఆపరేషన్ చేయించాల్సిందే.

యూరప్ దేశం మాల్టా 2015లోనే ఇలాంటి అనవసర ఆపరేషన్లను నిషేధించింది. 2019 ఏప్రిల్‌లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ ఆదేశించాక తమిళనాడు కూడా అదే బాట పట్టింది, ప్రాణాపాయం ఉంటే మినహాయింపు ఉంది. చట్టం సంగతి ఎలా ఉన్నా, డాక్టరు తేదీ ఇస్తానంటే ముందు ఒక్కటి అడగండి: ఇప్పుడు చేయకపోతే పాప ఆరోగ్యానికి ఏమవుతుంది? జవాబు ఆకారం గురించే అయితే, నేనైతే ఆ తేదీ తీసుకోను.