12 వోల్టుల డీసీ సోలార్ కిట్: సామాను మంచిదే, వైరే సన్నం

హన్మకొండ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతున్న ఈ కిట్‌లో 200 వాట్ల ప్యానెల్, 12.8 వోల్టుల 60 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 20 ఆంప్స్ పీడబ్ల్యూఎం కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీ చార్జింగ్‌ను అదుపు చేసే మామూలు రకం పెట్టె), 30 వాట్ల బీఎల్‌డీసీ (డీసీతో నడిచే బ్రష్‌లెస్ మోటార్) ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు వస్తాయి. ఇన్వర్టర్ ఉండదు. దీని బలం అదే. ఇన్వర్టర్ ఉంటే ప్యానెల్ ఇచ్చిన డీసీని ఏసీ చేస్తుంది, ఫ్యాన్ లోపలి బోర్డు దాన్ని మళ్లీ డీసీగా మార్చుకుంటుంది. ఆ మార్పిడుల్లో పోయే కరెంటు, ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా తాగే కరెంటు ఇక్కడ మిగులుతాయి.

దెబ్బంతా వైరు దగ్గరే. కిట్‌తో ఇచ్చేది 1 స్క్వేర్ ఎంఎం వైరు. బ్యాటరీ నుంచి వెనక గదికి 12 మీటర్లనుకోండి, పోను రాను 24 మీటర్లు. ఒక ఫ్యాను, రెండు బల్బులు కలిసి దాదాపు 4 ఆంప్స్ లాగుతాయి. దారిలోనే 1.7 వోల్టులు పోయి, ఫ్యాన్ దగ్గర 11 చిల్లరే మిగులుతుంది. గాలి తగ్గితే చాలామంది ఫ్యాన్‌ను తప్పుపట్టి మార్చేస్తారు. ఫ్యాన్ నడుస్తుండగా దాని టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి, దొంగ దొరుకుతాడు. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే నష్టం అర వోల్టు లోపే.

రెండోది కంట్రోలర్ సెట్టింగ్. లెడ్ యాసిడ్ బ్యాటరీ సెట్టింగ్‌లోనే వదిలేస్తే, ఈక్వలైజేషన్‌లో (లెడ్ యాసిడ్ బ్యాటరీకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో ఇచ్చే చార్జింగ్) వోల్టేజీ హద్దు దాటి, మిట్టమధ్యాహ్నం బీఎంఎస్ (లిథియం బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు) చార్జింగ్ ఆపేస్తుంది. బ్యాటరీ ఆసరా లేక ప్యానెల్ వోల్టేజీ 20 దాటి లోడ్ వైపు రావచ్చు, ఫ్యాన్ బోర్డు కాలిపోవచ్చు. చార్జింగ్ 14.4 వోల్టుల దగ్గర పెట్టి, ఈక్వలైజేషన్ తీసేయండి. బిగించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు తిరగేసి. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే 30 ఆంప్స్ ఫ్యూజు, అక్కడి నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరు తప్పనిసరి.

రెండు ఫ్యాన్లూ రాత్రి 10 గంటలు ఫుల్ స్పీడులో, బల్బులు 5 గంటలు నడిస్తే 780 వాట్ అవర్లు కావాలి. నిండా చార్జయిన బ్యాటరీలోనే 768. మబ్బు పట్టిన రోజుల్లో అదీ నిండదు. రెండు గదులకు స్పీడు తగ్గించి వాడుకుంటే సరిపోతుంది. పీడబ్ల్యూఎం బదులు ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ గరిష్ఠంగా ఇవ్వగల పవర్‌ను పట్టుకునే రకం) వేసుకుంటే అదే ప్యానెల్ నుంచి ఇంకొంచెం రాబట్టొచ్చు.

మూడు నాలుగు గదులైతే ఈ కిట్ వద్దు, 48 వోల్టుల సిస్టమే తీసుకోండి. అదే లోడుకు కరెంటు 1 ఆంపే కాబట్టి సన్న వైరూ సరిపోతుంది. కానీ అక్కడ స్విచ్చులు, ఎంసీబీలు డీసీవే ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది గనుక స్విచ్ ఆపినప్పుడు లేచే నిప్పురవ్వ దానంతటదే ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు, కాంటాక్టులు మాడిపోతాయి.

ప్యానెల్‌ను దక్షిణం వైపు 18 డిగ్రీల వాలుతో బిగించండి. దుమ్ము తుడవడం పొద్దున్నే, అద్దం వేడెక్కకముందే. వరంగల్ డాబాల మీద కోతులు వేలాడే వైరును వదలవు, పైనుంచి కిందిదాకా జీఐ పైపులోనే దింపండి.