ఫ్రాంక్స్ టర్బో: హైవేకి భేష్, ఊళ్ళో ట్రంకు రోడ్డుకి?

మారుతి ఫ్రాంక్స్‌లో 1.0 లీటర్ బూస్టర్‌జెట్ ఇంజిన్‌కి టర్బో ఉంది, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే ఫ్యాన్. దీనిది 100 పీఎస్ పవర్, 147.6 ఎన్ఎం టార్క్ (లాగే బలం). అదే కారులో టర్బో లేని 1.2 ఇచ్చేది 113 ఎన్ఎం, అదీ 4400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా తొక్కితేనే. టర్బోకి 2000 చాలు. గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుంటే ఈ తేడా కాలికి తెలిసిపోతుంది. 1.2ని సెకండ్‌కి దించాల్సిన మలుపులో ఇది థర్డ్‌లోనే లాగేస్తుంది.

మాన్యువల్ గేర్ల టర్బోకి కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 21.5 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా 90 దగ్గర నిలకడగా వెళ్తే దాని దరిదాపులకైనా వస్తుంది. 120 పట్టారా, ఇక అంతే! బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) పెరిగితే లోపలికెళ్ళే గాలి పెరుగుతుంది, దానికి తగ్గ పెట్రోలూ పోయాల్సిందే. టర్బో ఏదీ ఊరికే ఇవ్వదు. నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో, 1500 లోపు ఆర్‌పీఎంలో ఇది కునుకు తీస్తుంది. అక్కడ 1.2నే హాయి.

ఆయిల్ 10,000 కిలోమీటర్లకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. హైవే దిగి ఆగగానే ఇంజిన్ ఆపేయకుండా ఓ నిమిషం ఐడిల్‌లో ఉంచండి, లేకపోతే బాగా వేడెక్కిన టర్బో బేరింగ్ దగ్గర ఆయిల్ మాడి గడ్డకడుతుంది. ఉస్సుమని చప్పుడొచ్చి పికప్ పడిపోతే టర్బో పోయిందని కంగారొద్దు, ముందు గాలి పైపు క్లాంపు వదులైందేమో చూపించండి.